క్రీడల ప్రత్యక్ష ప్రసారంలో డ్రోన్లు: క్రీడాకారుడికి ఎంత దగ్గరగా ఎగరవచ్చు?

కార్యదర్శి:
సభ్యులకు నమస్కారం. మా సంఘం నిర్వహించే కొండ దిగుడు సైకిల్ పోటీని ఈసారి మొదటిసారిగా ప్రత్యక్ష ప్రసారం చేయబోతున్నాం. ఇది ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి, పట్టిన కాలాన్ని లెక్కించే పోటీ. ప్రసారానికి ముందుకు వచ్చిన నిర్మాణ సంస్థ తన ప్రతిపాదనలో రెండు డ్రోన్లను చేర్చింది. మొదటిది ఎత్తు నుంచి లోయనూ, వంపులు తిరిగే దారినీ చూపించే పెద్ద డ్రోన్. దాని మీద మాలో ఎవరికీ అభ్యంతరం లేదు. రెండోది పైలట్ కళ్లకు గాగుల్స్ పెట్టుకుని, డ్రోన్ కెమెరా చూపేదాన్నే చూస్తూ నడిపే చిన్న ఎఫ్‌పీవీ (ఫస్ట్ పర్సన్ వ్యూ) డ్రోన్. అది సైక్లిస్టుకు అయిదు మీటర్ల వెనక, తల ఎత్తులో, మొదటి నుంచి చివరి దాకా వెంట వెళ్తుందని రాశారు.

2026 మిలాన్-కోర్టినా శీతాకాల ఒలింపిక్స్‌లో ఇలాంటి డ్రోన్లు క్రీడాకారులను వెంటాడుతూ తీసిన దృశ్యాలు చూసినప్పటి నుంచి మా కార్యవర్గంలో సగం మంది రెండో డ్రోన్ ఉండి తీరాలంటున్నారు. మిగిలిన సగం మంది 2015లో స్కీ క్రీడాకారుడు మార్సెల్ హిర్షర్ వెనక డ్రోన్ కూలిన సంఘటనను ముందు పెట్టి, ససేమిరా అంటున్నారు. అయిదు మీటర్లు అన్న దూరం సమంజసమేనా, క్రీడాకారుల ఏకాగ్రతకు భంగం కలుగుతుందా, ఒప్పందంలో ఏ షరతులు ఉండాలి అన్న మూడు విషయాల మీద ఈ పని తెలిసినవారి అభిప్రాయం కావాలి.

చిరకాల_వీక్షకురాలు:
కార్యదర్శి గారూ, నేను చూసే పక్షం నుంచి ఒక మాట చెబుతాను. కొండ దిగుడు పోటీలను టీవీలో చూసినప్పుడల్లా నాకు కలిగే అసంతృప్తి ఏమిటంటే, అక్కడ నిలబడితే గుండె జారిపోయేంత ఏటవాలు తెర మీద చదునైన బాటలా కనిపిస్తుంది. దూరాన ఉన్న కెమెరా పెద్ద లెన్సుతో దృశ్యాన్ని దగ్గరికి లాగినప్పుడు ముందున్నదీ వెనకున్నదీ ఒకే తలంలోకి అణిగిపోతాయి. వాలూ పోతుంది, వేగమూ పోతుంది. వెంట వెళ్లే డ్రోన్ వెడల్పు లెన్సుతో చూపిస్తుంది కాబట్టి చెట్లు పక్కనుంచి దూసుకుపోతాయి, దారి కాళ్ల కింద విరిగి కిందికి పడుతున్నట్టు కనబడుతుంది. ఆ రైడర్ బ్రేకును ఎక్కడ వదిలాడో, ఏ రాయిని తప్పించి ఏ రాయి మీదుగా వెళ్లాడో మొదటిసారి అర్థమవుతుంది. దాన్ని ఆర్భాటమని కొట్టిపారేయకండి. ఆటలోని నైపుణ్యం ప్రేక్షకుడికి చేరే దారి అది.

గాగుల్స్:
నేను ఎఫ్‌పీవీ పైలట్‌ను. వృత్తి రీత్యా రెండో డ్రోన్ వైపు మొగ్గవలసినవాణ్ణి, అయినా ఆ అయిదు మీటర్ల మాటను మాత్రం అంగీకరించలేను. కారణం లెక్కలో ఉంది.

సైక్లిస్టు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నాడనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. డ్రోన్ కూడా అదే వేగంతో వెనక వస్తుంది. రైడర్ ముందు చక్రం జారి పడిపోయాడు. ఆ దృశ్యం నా గాగుల్స్‌లోకి రావడానికి దాదాపు 30 మిల్లీ సెకన్లు పడుతుంది. కన్ను చూసి, బుర్ర గ్రహించి, వేలు కదలడానికి మరో పావు సెకను. ఈ రెండూ కలిసేసరికి డ్రోన్ సుమారు 4 మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది, అప్పటికి అది ఇంకా స్పందించడం మొదలుపెట్టలేదు. మిగిలిన ఒక్క మీటరులో దాని దిశ మార్చాలి. పడ్డ మనిషి ఉన్నచోటే ఆగిపోడు, కొంత ముందుకు జారతాడు కాబట్టి కాస్త వెసులుబాటు దొరుకుతుంది. కానీ చెట్టుకో బండకో తగిలి ఆగిపోతే ఆ వెసులుబాటు కూడా ఉండదు.

అందుకే అనుభవమున్న పైలట్లు సరిగ్గా వెనకే పోరు. పది పన్నెండు మీటర్లు వెనక, దారికి ఒక పక్కగా జరిగి, రైడర్ తల కన్నా కాస్త ఎత్తులో ఎగురుతారు. అలా ఉంటే అతను పడిన క్షణంలో డ్రోన్ తనంతట తాను వెళ్లే దారి అతని మీదుగా ఉండదు, పక్కనుంచి ఉంటుంది. పైలట్ ఏమీ చేయకపోయినా తాకకుండా వెళ్లిపోయేలా మార్గాన్ని ముందే ఎంచుకోవాలి. తెర మీద చూసేవారికి ఈ దూరపు తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే దగ్గరగా ఉన్న భావన రైడర్ పరిమాణం కన్నా పక్కన కదిలిపోయే చెట్లూ నేలా వల్ల ఎక్కువగా వస్తుంది.

ఇంకొక సంగతి. వేగంగా ఎగిరే ఇలాంటి డ్రోన్ బ్యాటరీ మూడు నుంచి అయిదు నిమిషాలు మాత్రమే వస్తుంది. “మొదటి నుంచి చివరి దాకా” అన్న మాట రాసినవారు మీ పోటీలో ఒక్కో రైడర్‌కూ పట్టే సమయం, ఇద్దరి మధ్య విరామం చూసి రాశారా అన్నది అడగండి.

దిగుడుదారి:
నేను ఇలాంటి పోటీల్లో పాల్గొన్నవాణ్ణి. సభ్యులందరూ కంటికి కనిపించేదాని గురించి మాట్లాడుతున్నారు, రైడర్‌కు డ్రోన్ కనిపించదు. వినిపిస్తుంది.

దిగుడులో మాకు చెవి సగం కన్ను. టైరు పొడి మట్టి మీద ఉందా, తడి వేరు మీదకు ఎక్కిందా అన్నది శబ్దంలో ముందే తెలుస్తుంది. వెనక చక్రం జారడం మొదలుపెట్టినప్పుడు గరగరమని ఒక మార్పు వస్తుంది, శరీరానికి తెలిసేలోపే చెవికి తెలుస్తుంది. గొలుసు తెగే ముందు కూడా ఒక పలుకు ఉంటుంది. వీటి మీద సన్నని గీ మన్న మోత వచ్చి కూర్చుంటే ఆ సమాచారమంతా పోతుంది. డ్రోన్ దూరం మారినప్పుడల్లా ఆ మోత స్థాయి కూడా మారుతుంది, నిలకడగా ఉంటే అలవాటు పడగలమేమో గానీ, పెరుగుతూ తగ్గుతూ ఉంటే వెనక నుంచి ఎవరో మీదికి వస్తున్నట్టే ఉంటుంది.

దీనికన్నా ముఖ్యమైనది సమానత్వం. ఇది కాలంతో పోటీ. గెలుపు ఓటములు సెకనులో పదో వంతు, వందో వంతు తేడాలతో తేలతాయి. డ్రోన్ పేరున్న అయిదుగురి వెంట మాత్రమే వెళ్లి, మిగిలిన వారిని వదిలేస్తే, ఒకే దారి మీద రెండు రకాల పరిస్థితుల్లో పోటీ జరిగినట్టే. ఆ శబ్దం వల్ల నష్టమే కలుగుతుందని నేను అనడం లేదు, కొందరికి అది ఉత్సాహాన్నివ్వవచ్చు కూడా. లాభమైనా నష్టమైనా అది అందరికీ ఉండాలి, లేదా ఎవరికీ ఉండకూడదు.

గాగుల్స్:
దిగుడుదారి గారి రెండో మాట నేను ఇంతవరకూ ఏ ప్రణాళికా సమావేశంలోనూ వినలేదు, కానీ అందులో కాదనడానికి ఏమీ లేదు. దానికి ఆచరణలో ఒక మార్గం ఉంది. దారి మొత్తం వెంటాడే ఆలోచన మానుకుని, అందులో 30 లేదా 40 సెకన్ల భాగాన్ని ఒకదాన్ని ఎంచుకోవాలి. ప్రేక్షకులు నిలబడని, కొమ్మలు అడ్డురాని, నైపుణ్యం బాగా కనిపించే భాగమై ఉండాలి. రైడర్లను ఒకటిన్నర నిమిషానికి ఒకరిని వదిలితే, 40 సెకన్లు వెంట వెళ్లి, 30 సెకన్లలో వెనక్కి వచ్చి, తరువాతి వ్యక్తి కోసం సిద్ధంగా ఉండవచ్చు. ఇద్దరు రైడర్లకు ఒక బ్యాటరీ చొప్పున మార్చుకుంటూ, రెండు డ్రోన్లను వంతులవారీగా ఎగరేస్తే మొదటి వ్యక్తి నుంచి చివరి వ్యక్తి దాకా అందరి వెంటా వెళ్లడం సాధ్యమే. ప్రసారంలో ఎవరిది చూపించాలన్నది డైరెక్టర్ ఇష్టం, ఎగరడం మాత్రం అందరికీ సమానం.

ఓబీ_వ్యాన్:
నేను బయటి ప్రసారాల్లో చిత్ర విభాగం ఇంజినీర్‌గా పనిచేస్తాను. డ్రోన్ ఎగరడం ఒక ఎత్తు, దాని చిత్రం ప్రసారంలో ఇమడడం మరో ఎత్తు. ప్రతిపాదనలో రెండో భాగం గురించి ఒక్క వాక్యమైనా ఉందో లేదో చూడండి.

ఎఫ్‌పీవీ డ్రోన్ నుంచి రెండు సంకేతాలు కిందికి రావాలి. ఒకటి పైలట్ కళ్లకు వెళ్లేది. దీనికి నాణ్యత కన్నా వేగం ముఖ్యం. రెండోది ప్రసారానికి వెళ్లేది. దీనికి నాణ్యత ముఖ్యం కాబట్టి చిత్రాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పడంలో కొంత ఆలస్యం తప్పదు. ఆ ఆలస్యం పరికరాన్ని బట్టి కొద్ది ఫ్రేముల నుంచి అర సెకను దాకా ఉండవచ్చు. ఇప్పుడు నేల మీది కెమెరా చిత్రం వెంటనే వస్తోంది, డ్రోన్ చిత్రం సెకనులో మూడో వంతు వెనక వస్తోంది అనుకోండి. డైరెక్టర్ నేల కెమెరా నుంచి డ్రోన్‌కు మారితే, రైడర్ ఇందాకే దాటిన రాయిని తెర మీద మళ్లీ దాటతాడు. డ్రోన్ నుంచి నేల కెమెరాకు మారితే నాలుగైదు మీటర్లు గెంతి ముందుకు వెళ్లిపోతాడు. చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో అతుకు పడలేదని తెలుస్తుంది. మందు ఒక్కటే: మిగిలిన కెమెరాలన్నిటినీ, ధ్వనినీ, కాలసూచిక అంకెలనూ డ్రోన్‌తో సమానంగా ఆలస్యం చేయాలి. ఆ పని రిహార్సల్‌లోనే కొలిచి స్థిరపరచాలి.

రెండో సమస్య రంగు. పెద్ద కెమెరాల ఐరిస్‌నూ (లెన్సులోకి వచ్చే వెలుగును అదుపు చేసే భాగం) రంగులనూ మేము ప్రసార వ్యాన్‌లో కూర్చుని ఒక్కొక్కటిగా సరిచేస్తాం. మబ్బు పట్టినా, ఎండ వచ్చినా కెమెరాలన్నీ ఒకేలా కనిపించేది అందుకే. చిన్న డ్రోన్ కెమెరాకు చాలాసార్లు ఆ అదుపు ఉండదు. చెట్ల నీడలోంచి ఎండలోకి రాగానే అది తనంతట తాను వెలుగును మార్చుకుంటుంది, రైడర్ ముఖం ఒక్కసారిగా తెల్లబడిపోతుంది. దూరం నుంచి అదుపు చేయగల కెమెరా పెట్టారా అని అడగండి.

మూడోది రేడియో. డ్రోన్లకు ఎక్కువగా వాడే 2.4, 5.8 గిగాహెర్ట్జ్ పట్టీల్లోనే ప్రేక్షకుల ఫోన్ల వైఫై కూడా నడుస్తుంది. జనం లేని రోజున చేసిన పరీక్షలో అంతా సవ్యంగా ఉంటుంది. పోటీ నాడు గట్టు మీద వేల ఫోన్లు చేరాక సంకేతం తెగుతుంది. తడి ఆకులు కూడా 5.8 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని బాగా తినేస్తాయి. అందువల్ల దారి పొడవునా రెండు మూడు చోట్ల రిసీవర్లు పెట్టడం, ప్రసార సంకేతానికి వీలైతే లైసెన్సు ఉన్న వేరే పట్టీ తీసుకోవడం, ఆ ప్రాంతంలో ఎవరు ఏ తరంగాన్ని వాడుతున్నారో ఒక్క మనిషి చేతిలో జాబితా ఉండడం అవసరం.

కార్యదర్శి:
చాలా ఉపయోగకరమైన వివరాలు, కృతజ్ఞతలు. మా కార్యవర్గంలో ఒకరు డ్రోన్‌కు బదులు తీగ మీద నడిచే కెమెరా పెట్టవచ్చు కదా అంటున్నారు. అది నేల మీద పడే ప్రమాదం ఉండదని వారి వాదన.

ఓబీ_వ్యాన్:
తీగ కెమెరా మంచి పరికరమే. గ్యారెట్ బ్రౌన్ రూపొందించిన స్కైక్యామ్ 1984 నుంచే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఉంది. దానికి బ్యాటరీ బెంగ లేదు, రెక్కల మోత లేదు, పెద్ద కెమెరాను మోయగలదు. అయితే అది పూర్తిగా నిరపాయకరం అనుకోవడం సరికాదు. 2015 జనవరి సిడ్నీ టెస్టులో కె.ఎల్. రాహుల్ క్యాచ్ వదిలేసిన స్టీవ్ స్మిత్, అడ్డొచ్చింది అదే అన్నట్టు తీగల మీద నడిచే స్పైడర్‌క్యామ్ వైపు వేలు చూపించాడు. 2022 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో అదే రకమైన కెమెరా కిందికి దిగి ఆన్రిచ్ నోర్కియాను వెనక నుంచి కొట్టి పడేసింది. నాలుగు మూలలా ఎత్తైన స్తంభాలున్న మైదానానికి పుట్టిన పరికరం అది. చెట్ల మధ్య వంకరగా దిగే దారి మీద తీగ కట్టాలంటే సూటిగా ఉన్న చిన్న భాగంలో మాత్రమే కుదురుతుంది. చివరి గీతకు ముందున్న తిన్నని భాగంలో పెట్టుకోండి, ఎందుకంటే అక్కడే జనం గుమిగూడతారు, డ్రోన్ అక్కడికి అసలు రాకూడదు.

నిబంధనావళి:
చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. దేశాన్ని బట్టి వివరాలు మారినా, మూలసూత్రం అన్నిచోట్లా ఒకటే: కింద ఎవరున్నారన్నదే ప్రశ్న.

అమెరికాలో 2016 ఆగస్టులో అమల్లోకి వచ్చిన పార్ట్ 107 డ్రోన్ నియమాలు సాధారణంగా 400 అడుగుల ఎత్తును పరిమితిగా పెట్టాయి. మనుషుల మీదుగా ఎగరడానికి 2021లో వర్గాలు ఏర్పరిచారు. రెండో వర్గంలోకి రావాలంటే, డ్రోన్ తగిలితే కలిగే గాయం, ఒక గట్టి వస్తువు 11 అడుగు-పౌండ్ల, అంటే సుమారు 15 జౌళ్ల శక్తితో తాకినప్పటి గాయాన్ని మించకూడదు. పోల్చి చూడండి: 250 గ్రాముల డ్రోన్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో ఉండే గతిశక్తి 96 జౌళ్లు. చిన్నది కదా అని ధీమాగా ఉండకూడదన్నది ఇందుకే. 30,000 మందికి పైగా పట్టే స్టేడియాల్లో ప్రధాన లీగుల మ్యాచ్‌లు జరిగేటప్పుడు, గంట ముందు నుంచి గంట తరువాత దాకా, మూడు నాటికల్ మైళ్ల వ్యాసార్ధంలో 3,000 అడుగుల ఎత్తు వరకూ అనుమతి లేకుండా ఏదీ ఎగరడానికి వీల్లేదు.

ఐరోపా సమాఖ్యలో 2019/947 నిబంధన 2020 డిసెంబరు 31 నుంచి వర్తిస్తోంది. అనుమతి అక్కర్లేని ‘ఓపెన్’ వర్గంలో జనసమూహాల మీదుగా ఎగరడం పూర్తిగా నిషిద్ధం. భారతదేశంలో 2021 ఆగస్టు డ్రోన్ నియమాలు బరువును బట్టి తరగతులనూ, ప్రాంతాన్ని బట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలనూ ఏర్పరిచాయి. అంతకు ముందే, 2021 ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రత్యక్ష చిత్రీకరణ కోసం బీసీసీఐకి పౌర విమానయాన శాఖ షరతులతో కూడిన మినహాయింపు ఇచ్చింది.

ఎఫ్‌పీవీకి ప్రత్యేకంగా ఒక మాట. గాగుల్స్ పెట్టుకున్న పైలట్‌కు చుట్టూ ఉన్న ఆకాశం కనబడదు. అందుకే అతని పక్కన నిలబడి డ్రోన్‌ను మామూలు కళ్లతో చూస్తూ ఉండే పరిశీలకుడు ఉండాలని నియమాలు కోరుతాయి. మీ ఒప్పందంలో పైలట్ పేరు మాత్రమే ఉండి పరిశీలకుడి ఊసు లేకపోతే, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

పోటీ_అధికారి:
హిర్షర్ సంఘటన గురించి సగం సగం వివరాలతో చర్చ జరగడం నాకు ఇష్టం లేదు కాబట్టి పూర్తిగా చెబుతాను. 2015 డిసెంబరు 22న ఇటలీలోని మడోన్నా డి కాంపిలియోలో రాత్రి వేళ స్లాలమ్ (పాతిన కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్కీ) ప్రపంచ కప్ పోటీ జరుగుతోంది. హిర్షర్ రెండో పరుగులో ఉండగా, కెమెరా మోస్తున్న బరువైన డ్రోన్ అతని వెనక, ఇంచుమించు అతను అప్పుడే దాటిన చోటనే, మంచు మీద పడి ముక్కలైంది. అతనికి దెబ్బ తగలలేదు, రెండో స్థానంలో ముగించాడు. ఆ తరువాత అంతర్జాతీయ స్కీ సమాఖ్య తన పోటీల్లో కెమెరా డ్రోన్లను నిషేధించింది.

మనం గమనించవలసింది కూలిన తీరు. తొలి సాంకేతిక వివరణలో రేడియో తరంగాల జోక్యం వల్ల డ్రోన్ అదుపు తప్పిందన్నారు. ఓబీ_వ్యాన్ గారు పైన చెప్పినది ఇదే. పోటీ దారికి పక్కన ఒక హద్దులోనే ఎగరాలని అనుమతి ఇచ్చామనీ, డ్రోన్ ఆ హద్దు దాటి లోపలికి వచ్చిందనీ సమాఖ్య పోటీల నిర్వాహకుడు చెప్పారు. అంటే రెండు రక్షణలు ఒకేసారి విఫలమయ్యాయి. యంత్రం చెడిపోతుందని ఊహించే హద్దు గీస్తాం. హద్దు పాటించనప్పుడు యంత్రం చెడిపోతే మధ్యలో ఇంకేమీ ఉండదు. 2014 సోచి ఒలింపిక్స్‌లోనే మంచు క్రీడల ప్రసారానికి డ్రోన్లు వాడారు, 2026 ఒలింపిక్స్‌లోనూ స్కీ వాలుల మీద ఎగిరాయి. నడుమ యంత్రం చాలా చిన్నదయింది, తేలికయింది. అయినా హద్దు ఎక్కడన్నది ఇప్పటికీ మనిషే నిర్ణయించాలి.

అది ఎవరు నిర్ణయించాలన్నదే నా అసలు విషయం. డైరెక్టర్ నోట ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది: ఇంకొంచెం దగ్గరగా. అది అతని వృత్తిధర్మం, తప్పు పట్టను. కానీ టాక్‌బ్యాక్‌లో (ప్రసార సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకునే లైనులో) ఆ మాట నేరుగా పైలట్ చెవికి చేరితే, ఉదయం గీసిన హద్దు మధ్యాహ్నానికి కరిగిపోతుంది. హద్దును పోటీ అధికారులు, క్రీడాకారుల ప్రతినిధి కలిసి గీయాలి. దాన్ని మార్చే అధికారం ప్రసారం జరుగుతుండగా ఎవరికీ ఉండకూడదు.

మరొక చిన్న సూచన. అనుమతి పొందిన డ్రోన్ల జాబితా కొండ మీద ఉన్న ప్రతి అధికారి దగ్గరా ఉండాలి. 2014 అక్టోబరులో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా, అల్బేనియా ఫుట్‌బాల్ మ్యాచ్ మీదికి జెండా కట్టిన డ్రోన్ వచ్చి, గొడవ చెలరేగి, మ్యాచ్ ఆగిపోయింది. 2015 యూఎస్ ఓపెన్ టెన్నిస్‌లో ఫ్లావియా పెన్నెట్టా ఆడుతుండగా ఒక డ్రోన్ ఖాళీ సీట్లలో వచ్చి కూలింది. ఇవి ప్రసార డ్రోన్లు కావు. కానీ ఆకాశంలో మీ డ్రోన్ ఒకటి ఉండడానికి అందరూ అలవాటు పడ్డాక, అనుమతి లేని రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఓబీ_వ్యాన్:
అధికారి గారి మాటలో ఒక అంశంతో విభేదిస్తాను. డైరెక్టర్‌కూ పైలట్‌కూ మధ్య నేరుగా మాట ఉండకూడదంటే ప్రత్యక్ష ప్రసారం నడవదు. “రెండు సెకన్లలో నీ మీదికి వస్తున్నాను” అని డైరెక్టర్ చెప్పకపోతే, పైలట్ కెమెరాను తిప్పుతున్న సమయంలో చిత్రం ప్రసారమవుతుంది. మధ్యలో మరో మనిషిని పెడితే ఆ ఆలస్యం అదనం.

గాగుల్స్:
ఇద్దరి మాటలూ ఒకేసారి నెరవేరే పద్ధతి ఉంది. పెద్ద ప్రసారాల్లో నేను చూసిన మంచి ఏర్పాటు ఇది. డైరెక్టర్ గొంతు పైలట్‌కు వినిపిస్తుంది, కానీ పైలట్ పక్కన నిలబడే పరిశీలకుడి గొంతు దాని మీద పైచేయిగా ఉంటుంది. పరిశీలకుడు “వదిలెయ్” అంటే పైలట్ మారుమాట లేకుండా దారికి దూరంగా, ముందే చూసి పెట్టుకున్న ఖాళీ స్థలం వైపు తిప్పాలి. కారణం తరువాత అడగాలి. పరిశీలకుడికి జీతం ఇచ్చేది నిర్మాణ సంస్థ కాకుండా పోటీ నిర్వాహకులైతే మరీ మంచిది, అప్పుడు అతను ఎవరి మొహమాటానికీ లొంగడు.

సంకేతం తెగినప్పుడు డ్రోన్ ఏం చేయాలన్నది కూడా ముందే నిర్ణయించి అందులో అమర్చాలి. ఎత్తు నుంచి తీసే పెద్ద డ్రోన్లు సంకేతం పోతే పైకి లేచి బయలుదేరిన చోటికి తిరిగి వస్తాయి. చెట్ల కింద ఎగిరే చిన్నదానికి ఆ ఏర్పాటు పనికిరాదు, పైకి లేస్తే కొమ్మలకు తగిలి ఎక్కడ పడుతుందో తెలియదు. మోటార్లు ఆగి ఉన్నచోటే పడిపోయేలా పెట్టడమే చాలామంది ఎంచుకునే పద్ధతి. అందుకే దాని కింద, దాని ముందున్న పదిహేను ఇరవై మీటర్లలో ఎవరూ ఉండకూడదు.

శబ్దగ్రాహకుడు:
దిగుడుదారి గారు శబ్దం గురించి రాసింది చదివాక ధ్వని విభాగం మనిషిగా స్పందించకుండా ఉండలేకపోయాను. మూడు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 24,000 సార్లు తిరిగితే సెకనుకు 400 సార్లు, మూడు రెక్కలకూ కలిపి 1,200 దెబ్బలు గాలి మీద పడతాయి. మూల శబ్దం 1,200 హెర్ట్జ్ దగ్గర మొదలై, దాని రెట్టింపు, మూడింతలు అంటూ పైకి పోతుంది. మనిషి చెవి అన్నిటికన్నా చురుకుగా ఉండేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. సరిగ్గా ఆ భాగంలోనే డ్రోన్ మోత కూర్చుంటుంది. వడపోసి తీసేద్దామంటే కుదరదు. నాలుగు మోటార్లు నాలుగు వేగాలతో తిరుగుతాయి, పైలట్ మలుపు తిప్పినప్పుడల్లా ఆ నాలుగూ మారతాయి.

ప్రసారంలో దాన్ని తగ్గించే దారి మైకుల అమరికే. డ్రోన్ మీద మైకు పెట్టి ప్రయోజనం లేదు. వెంటాడే భాగంలో నేలకు ఆనించి, దారికి ఒక అడుగు దూరంలో, టైరు తగిలే చోట చిన్న మైకులను వరసగా పాతిపెట్టాలి. దగ్గర శబ్దం బలంగా వస్తే దూరపు మోత తనంతట తానే వెనక్కి పోతుంది. ఒక మైకు నుంచి మరో మైకుకు రైడర్‌తో పాటే మారుతూ కలుపుకుంటూ వెళ్లాలి. ముందే రికార్డు చేసిన టైరు చప్పుడు వేసి కప్పిపుచ్చే సలహా ఎవరైనా ఇస్తే ఒప్పుకోవద్దని నా మనవి. రైడర్ జారినప్పుడు వచ్చే శబ్దం ప్రేక్షకుడికి నిజంగా అప్పుడే వినపడాలి.

ఇదంతా ప్రేక్షకుడి కోసం. రైడర్ చెవికి చేరేదాన్ని తగ్గించాలంటే మాత్రం దూరం పెంచడం తప్ప వేరే మార్గం లేదు. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపయితే శబ్ద తీవ్రత 6 డెసిబెల్లు తగ్గుతుంది. అయిదు మీటర్ల నుంచి పది మీటర్లకు జరగడం వల్ల కలిగే లాభం ఇక్కడ కూడా ఉంది.

కార్యదర్శి:
ఈ చర్చను కార్యవర్గంలో చదివి వినిపించాను. రెండో డ్రోన్‌ను అంగీకరించాం, అయితే ప్రతిపాదనలో ఉన్న రూపంలో కాదు. దారి మధ్యలో ప్రేక్షకులను అనుమతించని ఒక భాగంలోనే అది ఎగురుతుంది. అందరు పోటీదారుల వెంటా వెళ్తుంది, పది మీటర్ల కన్నా దగ్గరికి రాదు, సరిగ్గా వెనక కాకుండా లోయ వైపు పక్కన ఉంటుంది. పరిశీలకుణ్ణి సంఘమే నియమిస్తుంది. సాధన పరుగుల రోజున కూడా అదే డ్రోన్‌ను అదే దూరంలో ఎగరేసి, రైడర్లు విన్నాక వారి ప్రతినిధి సంతకం తీసుకుంటాం. వారు వద్దంటే పోటీ రోజున ఎగరదు. చివరి తిన్నని భాగానికి తీగ కెమెరా అడిగాం.

గాగుల్స్ గారికి ఒక ప్రశ్న మిగిలింది. గాలి ఎంత వేగంగా ఉంటే ఎగరడం ఆపాలో అంకె వేయమంటే, నిర్మాణ సంస్థ తయారీదారు ఇచ్చిన పరిమితినే రాసి పంపింది. అది సరిపోతుందా?

గాగుల్స్:
సరిపోదు. తయారీదారు ఇచ్చే అంకె డ్రోన్ గాలిలో నిలబడగలదా లేదా అన్నది చెబుతుంది. మీకు కావలసింది అది పది మీటర్ల దూరాన్ని నిలబెట్టుకోగలదా అన్నది. లోయ వైపు నుంచి వచ్చే గాలి వాలును తాకి పైకి లేస్తుంది, చెట్ల వరస ఆగిపోయిన చోట ఒక్కసారిగా పక్కకు నెడుతుంది. డ్రోన్ లోయ వైపు ఉంటుంది కాబట్టి ఆ నెట్టు దాన్ని రైడర్ వైపే తోస్తుంది. అందుకని మీరు ఎంచుకున్న భాగం మొదట్లో ఒకటి, చెట్లు ఆగే చోట ఒకటి గాలి మాపకాలు పెట్టించండి. సగటు వేగం కాకుండా విసురు వేగాన్ని (ఒక్కసారిగా విసిరే గాలి వేగాన్ని) చూడమనండి. సాధన రోజున రైడర్ లేకుండా ఆ భాగంలో ఎగరేసి, డ్రోన్ పక్కకు రెండు మీటర్లకు మించి జరగడం మొదలైనప్పటి విసురు వేగం ఎంతో రాసుకోండి. ఒప్పందంలో ఆ అంకె వేయండి. ఆ మాపకాల తెర పరిశీలకుడి చేతిలో ఉండాలి, వ్యాన్‌లో కాదు.

దిగుడుదారి:
సాధన రోజున మొదటి పరుగును డ్రోన్ లేకుండా, రెండోదాన్ని డ్రోన్‌తో పెట్టండి. అలా అయితేనే తేడా చెవికి తెలుస్తుంది. సంతకం రెండో పరుగు తరువాత తీసుకోండి.